మా నాయన చూపించిన నీళ్లు

మా నాయన నీళ్లు తాగేటప్పుడు చెంబును పెదవికి తగలనిచ్చేవాడు కాదు. చెంబు ఎత్తిపట్టి, తల బాగా వెనక్కి వాల్చి, నోరు తెరిచి, సన్నటి ధారగా గొంతులోకి వదిలేవాడు. మధ్యలో ఆపేవాడు కాదు. మీసం మీద ఒక్క చుక్క కూడా పడేది కాదు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ గుటకలు చూసేదాన్ని. నేనూ అలాగే తాగబోయి, సగం నీళ్లు ముక్కులోకి పోయి దగ్గితే, "నీళ్లు తాగేదీ సేతగాదే నీకు" అని నవ్వేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. తలుచుకున్నప్పుడల్లా మొదట కనపడేది ఆ ఎత్తిన చెంబు, వెనక్కి వాలిన ఆ మెడ. ఆ మెడ ఏమైపోయిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది కదిరి పక్క తనకల్లు నుంచి ఇంకా లోపలికి పోవలసిన ఊరు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు. మా వైపు ఎవరి బతుకైనా ఈ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. మా నాయనకు బెంగళూరు నచ్చలేదు. పోయిన వారానికే తిరిగొచ్చి, వాన కోసం ఎదురుచూసేవాళ్లలో ఒకడిగా ఉండిపోయాడు. ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. నీళ్లు చూసేవాడు.

అంటే, బోరు వేయించుకునేవాళ్లు పిలిస్తే పోయి, భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేనంతా మెల్లగా నడుస్తాడు. నీళ్లున్న చోటికి రాగానే టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పాతుతారు. దాన్నే పాయింటు అంటారు. నేను ఇప్పుడు సైన్సు టీచరును కాబట్టి, అది నిజమేనా అని చాలామంది నన్ను అడుగుతారు. నాకు తెలియదు. ఆయన చేతిలో టెంకాయ లేవడం నా కళ్లతో చూశాను. కొన్నిచోట్ల నీళ్లు పడడం చూశాను, ఇంకా చాలాచోట్ల బోరు బండి ఉత్త దుమ్ము కక్కడం కూడా చూశాను. దుమ్ము లేచిన రోజు ఆయన ఇంటికొచ్చి సంగటి ముట్టకుండా పడుకునేవాడు.

ఆ పనికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పాయింటు చూపినందుకు డబ్బు తీసుకోకూడదు. తాంబూలం, ఆ టెంకాయ, అంతే. తన చేనుకు తాను చూసుకోకూడదు, అందుకే మా చేను ఎప్పుడూ మబ్బుల మీదే ఆధారపడింది. మా అమ్మ దీని గురించి వేసిన ఎత్తిపొడుపులు రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. మూడో కట్టుబాటు, నీళ్లు పడితే మొదటి గుటక పాయింటు చూపించినవాడే తాగాలి. ఊరందరి ముందూ తాగాలి. మంచివైతే అందరికీ, చెడ్డవైతే ముందు అతనికి. అదీ దాని అర్థం.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఎండాకాలం మా ఊరి బావులన్నీ అడుగంటాయి. ఆడవాళ్లు గుట్ట దాటి పోయి బిందెలు మోసుకొచ్చేవాళ్లు. ఊరి కోసం బోరు బండి వచ్చింది. మొదటి రెండు చోట్లా దుమ్మే లేచింది, అందులో ఒకటి మా నాయన చూపించిందే. బండివాళ్లు సర్దుకుని పోతామంటుంటే, ఆయన మళ్లీ టెంకాయ పట్టుకుని బడి వెనకాల బీడులోకి నడిచాడు. ఆ రాత్రంతా బండి మోత వింటూ మా అమ్మ కొంగు పట్టుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే బూడిదరంగు బురద చిమ్ముతోంది. తరువాత తెల్లటి నీళ్లు మనిషి ఎత్తు లేచాయి. ఆడవాళ్లు ఏడుస్తూ నవ్వుతూ ఆ నీళ్లల్లో తడిశారు. మా నాయన చెంబు ఎత్తి, తల వెనక్కి వాల్చి, మొదటి గుటక తాగాడు. మింగి, చెంబు దించి, "టెంకాయ నీళ్ల మాదిరి ఉండాయి" అన్నాడు.

ఆ బోరుకు చేతిపంపు బిగించారు. మా వైపు దాన్ని బోరింగు అంటాం. అప్పటి నుంచి ఊళ్లో ఎవరు పరిచయం చేసినా నన్ను 'నీళ్లు చూపించినాయప్ప కూతురు' అనేవాళ్లు. నాకు ఎంత గర్వమో! బోరింగు దగ్గర వరస తప్పి ఎవరైనా ముందుకొస్తే, అదేదో మా ఇంటి సొమ్మైనట్టు వాళ్లమీద అరిచేదాన్ని.

నేను ఉన్నత పాఠశాలకు వచ్చిన ఏడు, బడికి కొత్త సైన్సు సారు వచ్చాడు. వచ్చిన కొత్తల్లో మా అందరినీ నిలబెట్టి ఫోటో తీయబోతూ, "నవ్వండి" అన్నాడు. మేం నవ్వితే ఆయన ఫోను దించేశాడు. మా పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు గీతలు ఉండేవి. కొందరికి గుంటలు కూడా. పళ్లంటే అలాగే ఉంటాయనుకునేవాళ్లం మేం. సినిమాల్లో తెల్లటి పళ్లు చూసి, అవి రంగు వేసినవనుకునేదాన్ని నేను.

సారు మాతో ఒక సంఘం పెట్టించాడు. పిల్లల ఆరోగ్య సంఘం అని పేరు. ఆయన ఆలోచన చాలా తేలిక. తను చెబితే పెద్దవాళ్లు తలలూపి, టీ ఇచ్చి పంపించేస్తారు. అదే పిల్లలు ఆటలాగా అడిగితే ఆడతారు. మాకు మూడు ఆటలు నేర్పాడు. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోవాలి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవాలి. తల వంచి గడ్డాన్ని రొమ్ముకు ఆనించాలి. ఎవరు ఏది చేయలేకపోయారో చూసి రమ్మన్నాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు.

ఊరంతా ఒకటే నవ్వులు. ఎప్పుడూ మాతో మాట్లాడని మొగవాళ్లు కూడా లుంగీలు ఎగ్గట్టి వంగారు. ముసలివాళ్లు సగంలో ఆగిపోయి, "మా కాలం అయిపోయింది పోండ్రా" అని తరిమారు. మా ఇంటికి వచ్చేసరికి మా నాయన చేనులో గుంటక తోలి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం పాపా, నేను గూడా పరీచ్చ రాయల్లనా?"

వంగితే ఆయన వేళ్లు పిక్కల దగ్గర ఆగిపోయాయి. "పొద్దస్తమానం గుంటక తోల్తాండా, నడుము పట్టుకున్యాది" అన్నాడు. చేతులు తల వెనక్కి ఎలాగో పెట్టాడు. ఇక గడ్డం వంతు. వంచాడు, వంచాడు, రొమ్ముకు ఇంకా ఎడం ఉంది. అప్పుడు నోరు బాగా తెరిచి గడ్డాన్ని కిందికి దించి, "ఇదో, తగిలె సూడు" అన్నాడు. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

"నోరు మూసుకుని చెయ్యి నాయనా" అన్నాను.

నోరు మూసి మళ్లీ వంచాడు. మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. గడ్డం కదలలేదు. "మనది పొట్టి గడ్డంలే" అని లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. అప్పుడాయన వయసు ఎంతని! తలలో ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు.

మేం చెప్పింది విని సారు అనంతపురం పోయి ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అందులో గాజు గొట్టాలు, ఒక మందు సీసా. ఊళ్లో నీళ్లున్న ప్రతిచోటు నుంచీ ఒక సీసాలో పట్టుకురమ్మన్నాడు. మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీరంగులో ఉండిపోతే తాగొచ్చు, పసుపు రంగుకు తిరిగితే తాగకూడదు, వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు. అది పళ్ల మీద గీతలు పెడుతుంది, తరువాత ఎముకల్లో చేరి కీళ్లను బిగించేస్తుంది. లోతుకు పోయేకొద్దీ మన నేలలో ఇది ఎక్కువని కూడా చెప్పాడు. చెరువు కింద ఉన్న రెడ్డిగారి తోట బోరు నీళ్లు గులాబీరంగులో నిలిచాయి. మా నాయన బోరింగు నీళ్లు నేనే పట్టుకొచ్చాను. సీసా కడిగి, తుడిచి, ఎవరినీ ముట్టుకోనీయకుండా తెచ్చాను. చుక్కలు పడగానే బంతిపువ్వు రంగుకు తిరిగాయి.

"సీసా సరిగ్గా కడగలేదేమో సార్" అన్నాను. మళ్లీ పోయి పట్టుకొచ్చాను. మళ్లీ అదే రంగు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సారు మీద, ఆ మందు మీద, టెంకాయ మీద, ఎవరి మీదో తెలియని కోపం.

మంచి నీళ్ల చోటుకు పచ్చ రంగు, చెడ్డ నీళ్ల చోటుకు ఎర్ర రంగు పూయాలని సంఘం నిర్ణయించింది. ఎర్ర రంగు పూసిన చోట ఎవరైనా తాగడానికి నీళ్లు పడుతుంటే, మేం గొడవ పడకూడదు, తిట్టకూడదు. పాత్ర మూతికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడాలి. అంతే. పిల్ల చెయ్యిని తోసేసి తాగడానికి ఎవరికైనా మనసు ఒప్పదని సారు నమ్మకం. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే అయింది.

మా నాయన బోరింగుకు రంగు వేరే ఎవరైనా పూస్తారులే అన్నాడు సారు. నేను కుంచె లాక్కున్నాను. వేరేవాళ్లు పూస్తే అది మా నాయన మీద పూసినట్టుంటుంది, నేను పూస్తే నీళ్ల మీద మాత్రమే పూసినట్టుంటుంది అనుకున్నాను. అది నా లెక్క. ఊరి లెక్క వేరేగా ఉంది. రంగు ఆరకముందే ఎవరో పోయి, "ఏమన్నా, నీ బిడ్డే నీ నీళ్లకు ఎర్రరంగు పూసె గదన్నా" అని చెప్పేశారు.

ఆయన చేను దగ్గర నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో చెంబుతో. నా వైపు చూడలేదు. ఎర్ర రంగును ఒకసారి చూసి, చెంబు పెట్టి పిడి కొట్టాడు. చెంబు నిండింది. నేను పోయి దాని మూతికి చెయ్యి అడ్డం పెట్టాను. నా వేళ్లకు ఇంకా రంగు అంటుకునే ఉంది. ఆయన నా మణికట్టు పట్టుకుని చెయ్యి పక్కకు తీశాడు. విసురుగా కాదు, కోపంగా కూడా కాదు. పళ్లెంలోంచి కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు తీశాడు. చెంబు ఎత్తి, అందరి ముందూ, చుక్క మిగలకుండా తాగాడు.

"పాయింటు సూపించినోణ్ణి నేను. నేను తాగుతాండా. తాగేవాళ్లు తాగండి, మానుకునేవాళ్లు మానుకోండి" అని పోయాడు.

ఇంటికి పోయాక నేను ఊరుకోలేదు. నాకు ఊరుకోవడం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

"నీళ్లు చెడ్డయి అంటాండారు నాయనా. నువ్వు చెడ్డోడివని ఎవురన్నారు?"

ఆయన చెంబు గూట్లో పెట్టి, "రెండూ ఒగటేమ్మా" అన్నాడు.

రంగు పూసినందుకు నేను ఏనాడూ బాధపడలేదు. అది పూయవలసిందే. నా బాధంతా, సరైన పని చేశాక కూడా మనం కాపాడాలనుకున్న మనిషి చేతికి దొరకకుండా పోవడం గురించి.

ఊరు మెల్లగా మారింది. తోట రెడ్డిగారి దగ్గరికి పెద్దవాళ్లు పోవడానికి మొహమాటపడితే మేమే గుంపుగా పోయాం. ఆయన కసురుకుని, గొణుక్కుని, "కరెంటున్నప్పుడొచ్చి పట్టుకోండి. మొక్కలు తొక్కినారంటే మాత్రం తోలు తీస్తా" అన్నాడు. బడి వదలగానే సైకిళ్లకు బిందెలు కట్టుకుని పోయేవాళ్లం. నడవలేని ముసలివాళ్ల ఇళ్లు పిల్లలం తలా కొన్ని పంచుకున్నాం. తరువాత కొన్నేళ్లకు ఊళ్లోకి ఫిల్టరు వచ్చింది, నీళ్ల క్యాన్లు వచ్చాయి. మా తరువాత పుట్టిన పిల్లలు నోరంతా తెరిచి నవ్వడం మొదలుపెట్టారు. ఎర్ర బోరింగు బట్టలుతకడానికి, బర్రెల్ని కడగడానికి మిగిలింది.

ఊరంతా మారి మా ఇల్లు మారలేదు. మా ఇంట్లో రెండు బిందెలుండేవి. ఒకటి మాకు, ఒకటి ఆయనకు. మా అమ్మ వంటకు మాత్రం తోట నీళ్లే వాడేది. "మీ నాయనకు సెప్పాకు, తెలిస్తే సంగటి గూడా మానేస్తాడు" అనేది. ఆయనకు తెలుసనే నా అనుమానం. తెలిసీ తినేవాడు. తాగడం దగ్గర మాత్రం రాజీ లేదు. ఒకసారి ఆయన చెంబులో ఉన్నవి పారబోసి తోట నీళ్లు నింపి పెట్టాను. ఒక గుటక పోసుకున్నాడు. మిగిలినవి తులసి మొదట్లో పోసి, చెంబు పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో బోరింగు దాకా నడిచిపోయాడు. అలిగాను, అన్నం మానేశాను, అరిచాను. మా ఇద్దరిదీ ఒకే మొండితనమని మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

నేను కదిరిలో చదివి, అనంతపురంలో చదివి, టీచరు ఉద్యోగం తెచ్చుకుని, రెండు మూడు ఊళ్లు తిరిగి, చివరికి మా ఊరి బడికే వచ్చాను. ప్రతి సెలవుకూ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఇంకాస్త బిగుసుకుపోయి ఉండేవాడు. మొదట మెడ పక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. నడుము ముందుకు వంగిపోయింది. పైకి చూడలేకపోయేవాడు. జీవితమంతా ఆకాశం వైపు చూసి బతికిన మనిషి, అరుగు మీద కూర్చుని నేలను చూస్తూ, "మబ్బు పట్టిందా పాపా?" అని నన్ను అడిగేవాడు. పట్టకపోయినా కొన్నిసార్లు పట్టిందని చెప్పేదాన్ని.

పక్క ఊరివాళ్లు ఒకసారి పాయింటు చూడమని కారులో తీసుకుపోయారు. ఆయన చెయ్యి చాపాడట. మోచెయ్యి తిరగలేదు, అరచెయ్యి పైకి రాలేదు. టెంకాయ దొర్లి కింద పడిపోయింది. వాళ్లు దాన్ని ఏరి ఇచ్చి, మర్యాదగా తాంబూలం పెట్టి, తీసుకొచ్చి దింపిపోయారు. ఇక ఎవరూ పిలవలేదు. పెద్దాసుపత్రిలో చూపిస్తే డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు వెలుగులో పెట్టి చూసి, ఎముకల్లో చేరినదాన్ని ఇక తీయలేమన్నాడు. ఆ ముక్క తెలుగులో కాకుండా ఇంగ్లీషులో, నాతోనే చెప్పాడు. మా నాయన అడగలేదు. బస్సులో మాత్రం, "ఏమంటాడు?" అన్నాడు. "వయసంటాడు" అన్నాను.

ఇవన్నీ నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పంచె ముందంతా తడిసి ఉంది. చెంబు ఎత్తితే తల వెనక్కి వాలలేదు, నీళ్లు రొమ్ము మీద పడ్డాయి. రెండోసారీ అలాగే పడ్డాయి. అప్పుడు ఆయన ఎవరూ చూడకుండా గోడ వైపు తిరిగి, చెంబును పెదవికి ఆనించుకుని, చిన్నపిల్లవాడిలా చప్పరిస్తూ తాగుతున్నాడు. నేను అడుగులో అడుగు వేసుకుని బయటికి వచ్చేశాను. పెరట్లో నిలబడి కుళ్లికుళ్లి ఏడ్చాను.

తరువాత నడవడం కూడా పోయింది. ఇక బోరింగు దాకా పోయేవాళ్లు లేరు. మేం క్యాను నీళ్లు గ్లాసులో పోసి ఇస్తే మారు మాట్లాడకుండా తాగేవాడు. అంటే కొంచెం తాగేవాడు. తనంతట తాను నీళ్లు అడగడం మానేశాడు. అనుకున్నది ఇన్నేళ్లకు జరిగింది కదా అని నాకు సంతోషం కలగలేదు. కాళ్లు ఆడక ఒప్పుకున్న మనిషిని చూసి గెలిచాననుకోవడానికి నాకేమైనా పిచ్చా?

బడిలో నేను కూడా పిల్లల సంఘం నడుపుతున్నాను. మా సారు నేర్పినవే నేర్పుతాను. ఏటా బడి తెరవగానే పిల్లలు బోరింగుకు ఎర్ర రంగు మళ్లీ పూస్తారు. కొత్తగా చేరినవాళ్లకు నేనే చెబుతాను, ఎవరైనా సరే, ఎంత పెద్దవాళ్లయినా సరే, పాత్ర మూతికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడండి అని. ఆ బోరింగు ఎవరు చూపించిందో వాళ్లకు చెప్పలేదు. వాళ్లకు అది ఎర్ర బోరింగు, అంతే.

పోయిన ఎండాకాలం ముందు ఆయనకు జ్వరం పట్టుకుంది. తిండి మానేశాడు. ఒకరోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే పిలిచాడు. గొంతు పీలగా ఉంది.

"పాపా, మన నీళ్లు ఒగ్గుటక తెచ్చిస్తావా?"

మా అమ్మ నా మొహం చూసింది. ఏ నీళ్లని నేను అడగలేదు. గూట్లో ఉన్న ఆయన చెంబు తీసుకుని, తోమి, బడి వెనక్కి పోయాను. ఇన్నేళ్లు ఆయన్ని ఏ నీళ్లకు దూరం చేయాలని చూశానో ఆ నీళ్ల కోసం దాదాపు పరుగెత్తాను. ఒక్క గుటక. దానివల్ల ఇక పాడయ్యేది ఏముంది? తాగి ఆయన మొహంలో ఆ పాత నవ్వు ఒక్కసారి కనపడితే నాకు చాలు.

పిడి బిగుసుకుపోయి ఉంది. నాలుగైదు సార్లు కొడితే గాని నీళ్లు రాలేదు. చెంబు నిండుతుండగా వెనక నుంచి, "మేడం! అది ఎర్ర బోరింగు మేడం!" అని కేక. బడికి వస్తున్న పిల్లలు. ముందు ఆరో తరగతి అమ్మాయి ఒకతి, సంఘంలో ఆ ఏడు బోరింగు చూసుకునే బాధ్యత ఆమెదే.

"తెలుసమ్మా" అన్నాను.

"తాగేదానికా మేడం?"

కాదు అనొచ్చు. పాత్రలు కడగడానికి అనొచ్చు. చెంబును చూసి ఆ పిల్ల నమ్మేది కాదు, నాకూ నోరు రాలేదు. "మా నాయనకు" అన్నాను.

ఆ పిల్ల నన్నూ చెంబునూ చూసింది. పాపం, తనకు టీచరును నేను. అయినా ముందుకు వచ్చి చెంబు మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవురికైనా సరే అని మీరే సెప్పినారు గదా మేడం" అంది.

ఆ పిల్ల చెయ్యి పక్కకు తీయడం నావల్ల కాలేదు. మా నాయన నా చెయ్యి ఎలా తీయగలిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఆయనకూ అది తేలిగ్గా చేతకాలేదని, ఎలాగో ఒక్కసారి చేసి ఆ తరువాత జీవితమంతా దాన్ని మోశాడని మాత్రం అక్కడ నిలబడి అనుకున్నాను. కిందికి వంగి ఆ పిల్లతో, "ఆయనకు ఇంక నయం కాదమ్మా. ఆయన చూపించిన నీళ్లే ఇవి. ఒక్క గుటక అడిగినాడు" అన్నాను. ఆ పిల్లకు ఎంత అర్థమైందో తెలియదు. చాలాసేపటికి చెయ్యి తీసింది. మిగతా పిల్లలు దారి ఇచ్చారు.

ఇంటికి వచ్చి ఆయన తల కింద దిండు ఎత్తి, చెంచా తీసుకున్నాను. ఆయన కళ్లు చెంబు మీద ఉన్నాయి.

"పిల్లోళ్లు సూసినారా?" అన్నాడు.

"సూసినారు నాయనా."

"ఏమన్నారు?"

నా చెయ్యి తీసి చెంబు మూతి మీద పెట్టి చూపించాను.

ఆయన దాన్ని చూసి, దుప్పటి కింది నుంచి తన చెయ్యి బయటికి తీశాడు. వేళ్లు సరిగ్గా విప్పుకోలేదు, మోచెయ్యి వంగినచోటే నిలిచిపోయింది. ఎలాగో ఆ చేతిని ఎత్తి, చెంబు మీద ఉన్న నా చేతి మీద పెట్టాడు.

"అట్లయితే వద్దులేమ్మా" అన్నాడు. "పిల్లోళ్లు వద్దన్యాక వద్దు."

"ఒక్క గుటకే గదా నాయనా, తాగు" అన్నాను. బతిమాలాను. ఆ నీళ్లు తాగమని ఆయన్ని బతిమాలే రోజు నాకు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేదాన్ని. ఆయన పెదవులు బిగించి కళ్లు మూసుకున్నాడు. ఈ మాట పదకొండేళ్ల పిల్లగా రంగు చేతులతో నేను నిలబడినప్పుడు అని ఉంటే! నాకు ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది, దానితోపాటే పట్టరాని కోపం కూడా వచ్చింది. ఆయన చేతి కింద నా చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాను.

ఆ సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే, ఊపిరి మారింది. ఇరుగుపొరుగు చేరారు. ఎవరో పెద్దామె, "నోట్లో నీళ్లు పొయ్యమ్మా, కూతురివి" అంది. గూట్లో ఆయన చెంబు పొద్దుటి నీళ్లతో నిండుగా ఉంది. మా అమ్మ దాన్ని అందుకోబోయింది. నేను తీసుకుని బయట తులసి మొదట్లో పారబోసి, కడిగి, క్యాను వంచి నింపాను.

గ్లాసు వద్దన్నాను, చెంచా వద్దన్నాను. చెంబు ఆయన పెదవికి తగలకుండా ఎత్తిపట్టి, సన్నటి ధారగా పోశాను.